తాతముత్తాతల జాడ

వంశచరిత్రలను గురించి మనలో రెండు విధాల అభిప్రాయాలు ఉన్నవి. అవి రాజులకు, జమీందారులకు కావలసినవి గాని రైతుబిడ్డకు వాటితో ఏమి పని అనేది ఒకటి. మాకు వంశచరిత్ర లేకేమి, మా మూలపురుషుడు కాకతీయుల కొలువులో సేనాని అనేది రెండవది. మొదటి అభిప్రాయం వలన చరిత్ర పుట్టదు. రెండవదాని వలన చరిత్రకు బదులు మరొకటి పుట్టుతుంది. కాకతీయ ప్రభువులకు అందరూ సేనానులే ఉండి, బల్లెం పట్టిన బంటు ఒక్కడైనా లేకపోయినాడా అని అప్పుడప్పుడు సందేహం కలుగుతూ ఉంటుంది. ఈ రెండింటికి నడుమ మూడవ దారి ఒకటి కలదనీ, ఆ దారిన నడవగలవారు పల్లెటూరి ఉపాధ్యాయులూ వారి విద్యార్థులూ అనీ చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పరదేశపు ముచ్చట ఒకటి. 1741లో హాన్స్ నికొలాస్ ఐసెన్‌హౌవర్ అనే జర్మను గృహస్థు భార్యాబిడ్డలతో ఫిలడెల్ఫియా రేవులో ఓడ దిగినాడు. ఆయన జర్మనీ పశ్చిమపు అంచున ఉన్న కార్ల్స్‌బ్రున్ అనే చిన్న పల్లెవాడు. ఐసెన్‌హౌవర్ అన్న మాటకు ఇనుము కొట్టేవాడని అర్థం. మన లెక్కలో కమ్మరి. ఆ వంశంలో పుట్టినవాడే డ్వైట్ ఐసెన్‌హోవర్. 1944లో జర్మనీమీద నడిచిన మిత్రరాజ్యాల సేనలకు నాయకుడు, పిదప అమెరికా అధ్యక్షుడై 1959 డిసెంబరులో మన దేశానికి వచ్చినవాడు. పూర్వుల దేశం మీదికే సేనను నడిపించవలసివచ్చిన ఆ విచిత్రాన్ని అటుంచండి. కమ్మరివాని ఓడ ఏ సంవత్సరంలో రేవు చేరినదో ఎట్లా తెలిసింది? ఆయన గొప్పవాడు కాడు, గ్రంథకర్త కాడు.

తెలిసిన విధం ఇది. 1727 మొదలు పెన్సిల్వేనియా ప్రభుత్వం తన రేవులో దిగిన జర్మనులలో పదహారేండ్లు దాటిన పురుషులందరిచేత విధేయతా ప్రమాణం చేయించి వ్రాలు పెట్టించుకొన్నది. వ్రాలు రానివారు గీత గీసినారు. ఓడ కప్తాను ఇచ్చిన పట్టీ ఒకటి, ప్రమాణ పత్రాలు రెండు, ఇట్లా ఒకే ఓడకు మూడు పట్టీలు మిగిలినవి. ఇంతమంది పరభాషీయులు వచ్చి పడుతున్నారే అన్న భయంతో వ్రాయించుకొన్న కాగితాలవి. రెండు శతాబ్దాల పిమ్మట, 1934లో, అవి మూడు సంపుటాలుగా అచ్చయినవి. నేడు లక్షలాది కుటుంబాలకు అవే పురాణాలు, అవే శాసనాలు. ఏలినవారి అనుమానం మనుమలకు ఆస్తి అయిందన్నమాట.

మన తెలుగునేలతో ముడిపడిన జర్మను వలసకుటుంబపు కథ కూడ ఉన్నది. గుంటూరు వారు ఫాదర్ హయ్యర్ అని చెప్పుకొనే జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణంలో పుట్టినాడు. నెపోలియన్ యుద్ధాలతో దేశం అల్లకల్లోలంగా ఉన్న 1807లో, పదునాలుగేండ్ల వయస్సులో, ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ వద్దకు పంపబడినాడు. మతాచార్యుడై అమెరికా పల్లెలలో తిరిగినాడు. 1839లో భార్య గతించినది. తరువాత మూడేండ్లకు, ఏబదవ పడిలో అడుగుపెట్టబోతూ, 1842 జూలై 31న గుంటూరు చేరినాడు. ఆనాటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు ఆశ్రయమిచ్చినాడు. వచ్చిన కొద్దినాళ్లకే బడులు పెట్టినాడు. మధ్యలో అమెరికా వెళ్లి, ఏబది దాటిన వయస్సులో విద్యార్థులతోపాటు కూర్చుండి, 1847లో బాల్టిమోరులో వైద్యపట్టం పుచ్చుకొని తిరిగివచ్చినాడు. 1849లో పలనాటికి పోయి గురజాలలో కాపురం పెట్టినాడు. 1857లో వెళ్లిపోయి, మళ్లీ డెబ్బది ఆరేండ్ల వయస్సులో 1869లో రాజమహేంద్రవరానికి వచ్చినాడు. 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో కన్నుమూసినాడు.

ఆయన బోధించిన మతంతో ఈ వ్యాసానికి పని లేదు. ఒక మనిషి బ్రతుకు ఇంత సూటిగా, తేదీలతో సహా, నూట యాభై ఏండ్ల తరువాత చెప్పగలుగుతున్నామే, అది ఎట్లా సాధ్యమైనదన్నదే ప్రశ్న. జర్మను ఊళ్లలో దేవాలయపు పుస్తకం అనేది ఒకటి ఉండేది. పుట్టిన బిడ్డకు నీళ్లు పోసిన రోజు, పెండ్లి, చావు, మూడూ అందులో వ్రాసేవారు. దొరబిడ్డకు ఒక పుట, దాసిబిడ్డకు ఒక పుట అన్న భేదం లేదు. వివాహితయైన స్త్రీ పేరు ప్రక్కన పుట్టింటిపేరు కూడ వ్రాయటం ఆచారం. ఆ తరువాత ఆయన పంపిన ఉత్తరాలు, సభల కార్యవాహికలు, సమాధిరాయి. ఈ ఆధారాలను కలిపి కుట్టినవారు చరిత్రకారులు. గుంటూరులో ఆయన పెట్టిన బడిలో మొదటినాడు నేలమీద కూర్చున్న పిల్లలు కూడ ఉన్నారు గదా? వారి పేర్లు మనలో ఎందరికి తెలుసు? ఉపాధ్యాయుని తేదీలు తెలిసి శిష్యుల పేర్లు తెలియకపోవటం ఒక్క గుంటూరు కథ కాదు.

మనకు వ్రాత లేదు, జ్ఞాపకం ఉన్నదని కొందరంటారు. ఆ మాట సగం నిజం. తర్పణం విడిచే ఇండ్లలో తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు చెప్పుకొంటారు. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు కూడ ఆ వరుసలో ఉన్నవి. తర్పణం లేని ఇండ్లకు ఆశ్రితజాతులవారు ఉండినారు. కాపులకు, గొల్లలకు గోత్రాలు చెప్పే పిచ్చుకుంట్లవారు (వారు నేడు వంశరాజులమని చెప్పుకొంటున్నారు, అది వారికి తగిన పేరే), పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, ఇట్లా ప్రతి కులానికి ఒక కంఠస్థ గ్రంథాలయం ఉండినది. అయితే ఆ గానంలో మూలపురుషుడు ఉంటాడు, నిన్నటి తాత ఉంటాడు. నడుమ ఉన్న ఆరేడు తరాలు గుంపుగా జరిగిపోతవి. మూలపురుషుడు దేవతల వద్ద వరం పొందినాడని వింటాము గాని, మీ తాత తండ్రి ఏ కరువులో ఏ ఊరు విడిచి వచ్చినాడన్నది వినము.

ఊరు విడిచి రావటమన్న మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. తెలుగువారి ఇంటిపేర్లలో ఎన్నో ఊళ్ల పేర్లే. ఆ ఊరిలో ఉండగా ఆ ఊరి పేరుతో ఎవరూ పిలువరు. విడిచి మరొక చోటికి పోయినప్పుడే అది ఇంటిపేరు అవుతుంది. సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు పుట్టినది తిరుత్తణిలో. ఆయన ఇంటిపేరు మాత్రం నెల్లూరు సీమలోని సర్వేపల్లిని మరువలేదు. కనుక ఇంటిపేరు అనేది ఒక వలసకాగితం. తరగతిలో నలుబదిమంది విద్యార్థులుంటే అందులో కొన్ని ఇంటిపేర్లయినా పటంమీద చూపదగిన ఊళ్లయి ఉంటవి. భూగోళ పాఠానికి ఇంతకంటె మంచి ఆరంభం నాకు తోచటంలేదు.

ఇక మన వలసకూలీల సంగతి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసునుంచి దక్షిణాఫ్రికాలోని దర్బాను రేవు చేరినది. అందులో 342 మంది. అది మొదలు 1911 వరకు నెటాలు చెరకుతోటలకు లక్షా యాభై వేలకు పైగా భారతీయులు పోయినారు. వారిలో విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు ఉన్నారు. ఫీజీకి 1903 మొదలు మద్రాసు రేవునుంచి ఓడలు నడిచినవి. ఈ కూలీలలో ప్రతి ఒక్కరికి ఒక సంఖ్య వేసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఊరు, చివరకు శరీరంమీది పుట్టుమచ్చ, గాయపు గుర్తు కూడ పట్టీలో ఎక్కించినారు. మనిషి తప్పించుకొని పోతే పట్టుకోవటానికి వ్రాసిన వ్రాత అది. అందులో దయ అనేది లేదు. కాని ఆ పట్టీల మూలంగానే నేడు దర్బానులో ఉన్న తెలుగు కుటుంబంవారు తమ ముత్తాత ఫలాన తాలూకా ఫలాన పల్లెవాడని చెప్పగలుగుతున్నారు. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ స్థాపించుకొని తెలుగు నిలుపుకొన్నవారు వారే.

ఇప్పుడు ఆ ముత్తాతకు ఒక తమ్ముడు ఉండినాడనుకోండి. ఓడ ఎక్కలేదు. ఊళ్లోనే జీతం ఉండి, వెట్టి చేసి, కాలం చేసినాడు. అతనికి భూమి లేదు, కనుక పట్టా లేదు. బడి లేదు, కనుక వ్రాలు లేదు. అతని పేరు ఎక్కడ ఉన్నది? అమ్ముడుపోయిన అన్నకు చరిత్ర ఉన్నది. ఊరిని అంటిపెట్టుకొన్న తమ్మునికి లేదు. ఈ అన్యాయాన్ని గురించి మన చరిత్రపుస్తకాలు మాట్లాడవు. రాళ్లమీద శాసనాలు వేయించినవారి చరిత్రతోనే వాటి పుటలు నిండిపోతవి.

సదాశివనగర్ ప్రాంతం పెద్ద రహదారిమీద ఉన్నది. కామారెడ్డినుంచి నిజామాబాదుకు పోయే బాట అది. ప్రక్కన ఉప్పల్వాయి స్టేషను మీదుగా రైలుబాట. ఇరువదవ శతాబ్దపు ఆరంభానికి ఈ రైలు మన్మాడు వరకు సాగి బొంబాయి దారి తెరిచింది. అంతకు ముందునుంచే నిజాం రాజ్యపు తెలుగు కూలీలు బొంబాయి చేరి కట్టడాలలో రాళ్లు మోసినారు. అక్కడ వారిని కామాఠీలన్నారు, వారున్న పేట కామాఠీపురా అయినది. ఆ పేట పేరు నేడు వేరే కారణాలవల్ల వినబడుతున్నది గాని, అది మొదట మనవారి చెమట పేరు. కామారెడ్డి 2016 అక్టోబరు 11న జిల్లా అయినది; అంతకు ముందు నిజామాబాదు జిల్లా; దానికి పూర్వం ఇందూరు. ఒకే ఊరి కాగితాలు మూడు పేర్లక్రింద వెదకవలసి ఉంటుందని విద్యార్థి ముందే తెలుసుకోవాలె.

ఈ సీమలో తాతను వెదకదలచినవానికి దొరికే మొదటి కాగితం 1954-55 నాటి కాస్రా పహాణీ. సర్వే నంబరు, పట్టాదారు, కాస్తు చేసేవాడు, బావి, పంట అన్నీ అందులో ఉంటవి. దానికి వెనుక సేత్వార్లు ఉన్నవి. అవి ఉర్దూలో ఉన్నవి. ఉర్దూలో తెలుగు పేర్లు చదవటం ఒక విద్య. ఆ లిపిలో హ్రస్వస్వరాలకు గుర్తులు పెట్టరు. కనుక మల్లయ్య అని వ్రాసినది ముల్లయ్య అని చదివినా తప్పు పట్టలేము. ఊరి పేర్లు, ఇంటిపేర్లు తెలిసినవాడే దానిని సరిగా చదువగలడు. ఇక సంవత్సరాలు ఫసలీలో ఉంటవి. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఆ ఏడు మొదలైన క్రీస్తు సంవత్సరం వస్తుంది. 1350 ఫసలీ అంటే 1940-41. ముసలివారు ప్రభవాది సంవత్సరాలు చెపుతారు. సర్వధారిలో పుట్టినానని ఒక అవ్వ అంటే అది 1948-49, నిజాం రాజ్యం పోయిన ఏడు. సర్వధారి అరువదేండ్లకు మరల వస్తుంది కనుక అవ్వ వయస్సు చూచి లెక్క కట్టాలె. ఇటువంటి లెక్కలు వేసిన పిల్లవానికి చరిత్ర అంటే బట్టీ పట్టవలసిన పట్టిక అన్న భయం పోతుంది.

ఈ కాగితాలన్నీ భూమి చుట్టూ తిరుగుతవి. గ్రామ పటేలు, పట్వారీల వ్యవస్థ 1984లో రద్దు అయినది. దస్తరాలు తాలూకాలకు, పిదప మండలాలకు చేరినవి. నేడు కంప్యూటరులోకి ఎక్కుతున్నవి. భూమికి విలువ పెరిగినకొద్దీ ఆ దస్తరాలను కాపాడేవారు పెరుగుతారు. వాటిని గురించి నాకు దిగులు లేదు. నా దిగులు బడిలో ఉన్న మరొక పుస్తకాన్ని గురించి. అది ప్రవేశ పట్టిక. వరుస సంఖ్య, పిల్లవాని పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, విడిచిన తేదీ, విడిచిన కారణం. భూమి లేని ఇంటివాని పేరు ఊరిలో మొట్టమొదట కాగితం ఎక్కేది అక్కడ. ఊడిగం చేసినవాని కొడుకు బడి మెట్టెక్కిన రోజు అక్కడ తేదీతో సహా ఉంటుంది. జర్మను పల్లెలో దేవాలయపు పుస్తకం చేసిన పని మన పల్లెలో చేసినది ఈ పట్టిక. చివరి గడిలో 'తండ్రి బొంబాయి పోయినాడు' అనో 'పనికి కుదిరినాడు' అనో ఒక్క మాట ఉంటే, అది ఒక కుటుంబం చరిత్ర. దానిని మించిన ఆధారం ఆ ఇంటికి మరొకటి లేకపోవచ్చును.

అట్టి పుస్తకాన్ని మనం ఎట్లా చూస్తున్నాము? వయస్సు ధ్రువపత్రం కావలసివచ్చినప్పుడు దులిపి తెరుస్తాము. పని తీరగానే అటకమీదికి. చెదలు, వాన, బడి భవనం మారటం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి చాలు. నిజాం కాలపు బడులలో ఉర్దూలో వ్రాసిన పాత పట్టికల పని మరీ తొందరపడవలసినది, ఎందుకంటే ఆ బడులలో ఉర్దూ మాధ్యమంలో చదివిన తరం వెళ్లిపోతున్నది. ప్రతి ఉన్నతపాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లలచేత ఒక సంవత్సరంలో ఆ పట్టికకు శుభ్రమైన ప్రతి వ్రాయించవచ్చును. ఉర్దూ చదువగల ఒక వృద్ధుని వారానికి ఒక గంట బడికి రప్పించవచ్చును. దీనికి ప్రత్యేకపు ఉత్తరువు అక్కరలేదు, నిధి అక్కరలేదు. మనవారికి ప్రాజెక్టు పని అంటే అట్టముక్కలమీద రంగు కాగితాలు అంటించటమని అర్థమైపోయినది. దానికంటె ఇది మేలు కాదా?

ఒక ఆక్షేపణ ఉన్నది, అది తేలికగా త్రోసివేయదగినది కాదు. పట్టికలో కులపు గడి ఉన్నది. తాతలను వెదకటమంటే కులాన్ని త్రవ్వటమే అవుతుందనీ, ఒక పిల్లవానికి గర్వం, మరొక పిల్లవానికి తలవంపులు మిగులుతవనీ మిత్రులు అంటారు. నిజమే. వెట్టి చేసిన తాత పేరు తరగతిలో బిగ్గరగా చదివి, పిల్లవాని ముఖం చూడకుండ పోయే ఉపాధ్యాయుడు ఈ పనికి పనికిరాడు. ప్రతి వ్రాసేటప్పుడు ఆ గడి విడిచిపెట్టవచ్చును. తన ఇంటి సంగతి చెప్పుకోవటం, మానటం పిల్లవాని ఇష్టానికి వదలవచ్చును. కాని భయపడి ఊరకుంటే జరిగేదేమి? గర్వపడే ఇండ్లవారు తమ చరిత్ర తామే వ్రాయించుకొంటారు, బంగారు అక్షరాలతో అచ్చు వేయించుకొంటారు కూడ. మిగిలినవారి చరిత్రే లేకుండపోతుంది. పైగా నిజమైన ఆధారాలు వెదకినవానికి గర్వం అంతగా నిలువదు. ఐసెన్‌హోవర్ వంశం వెనుకకు పోగా పోగా తేలినది సేనాని కాడు, ఒక పల్లెటూరి వలసగృహస్థు.

ఆడవారి సంగతి మరీ కష్టం. పహాణీలో వారు అరుదు. పెండ్లితో ఇంటిపేరు మారుతుంది. కొన్ని ఇండ్లలో అత్తవారు అసలు పేరునే మార్చివేసేవారు. రెండు పేర్ల మనిషిని ఏ పట్టీలో వెదకాలె? పెన్సిల్వేనియాలో పుట్టిన డాక్టరు అన్నా సారా కూగ్లర్ (కూగ్లర్ అన్నది జర్మను పేరే) 1883లో గుంటూరు వచ్చి, స్త్రీలకు ఆసుపత్రి నిలిపి, 1930లో అక్కడే కన్నుమూసినది. ఆమె చదువు, కొలువు, మరణం అన్నింటికి తేదీలున్నవి. ఆమె చేతిలో పురుడు పోసుకొన్న తల్లి తన పేరు తాను వ్రాయగలిగి ఉంటే ఆమెకు కూడ ఒక తేదీ మిగిలేది.

అయినా మన సీమలో ఒక అలవాటు ఈ లోటును కొంత తీర్చుతున్నది. వచ్చిన కోడలిని ఆమె పుట్టినూరి పేరుతో పిలవటం. అత్తకు, తోడికోడండ్లకు ఆమె అసలు పేరు నోటికి రాకపోయినా ఊరి పేరు వస్తుంది. కనుక విద్యార్థి తాతను గురించి అడుగకముందే అవ్వను మూడు ప్రశ్నలు అడగాలె: నిన్ను ఏ ఊరి పేరుతో పిలిచేవారు, మీ అమ్మను ఏ ఊరి పేరుతో పిలిచేవారు, వాళ్లమ్మది ఏ ఊరు. మూడు ఊళ్లు దొరికితే, దోమకొండవైపో, ఎల్లారెడ్డివైపో, మంజీర అవతలో, పటంమీద ఒక దారి కనబడుతుంది. మగవారి పేర్లతో గీసిన వంశవృక్షంలో ఆ దారి ఉండదు.

గల్ఫు దేశాలకు పోయినవారి ఇండ్లు ఈ సీమలో ఎన్నో ఉన్నవి. 1970ల తరువాత మొదలైన ఆ పోక ఇంకా ఆగలేదు. తండ్రి పాతబడ్డ పాసుపోర్టు, కంపెనీవారు ఇచ్చిన గుర్తింపు కార్డు, మొదటి ఉత్తరాలు, మాటలు నింపి పంపిన టేపు క్యాసెట్లు, ఇవి ఇంకా ట్రంకుపెట్టెల అడుగున ఉండవచ్చును. గడువు తీరిన పాసుపోర్టు ఎందుకూ పనికిరాదని అనుకొంటారు. దానిలో పుట్టిన ఊరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు విడిచిన తేదీ ఉన్నవి. దాని పుటలు విద్యార్థిచేత ఒక నోటుబుక్కులో ఎక్కించి, ఆ నోటుబుక్కును బడి బీరువాలో ప్రవేశ పట్టిక ప్రక్కన పెట్టించండి.